నలుపునకు పట్టాదారు

భూమికి పట్టా యుండుట యెరుగుదుము, ఏటి యిసుకను వేలము వేయుటయు జూచితిమి. కాని నలుపునకు సైతము హక్కుదారు డొక డేర్పడునని మన పూర్వులు కలలోనైన తలంచియుండరు.

ఇంగ్లండులోని సర్రే నానోసిస్టమ్స్ అను సంస్థ 2014లో ప్రకటించిన వాంటాబ్లాక్ అను పూత, దృశ్యకాంతిలో నూటికి 99.965 పాళ్లు మ్రింగివేయు సూక్ష్మ కర్బననాళికల సముదాయము. దానిని పూసిన వస్తువున మిట్టపల్లములు గోచరింపవు. ముడుతలు పడిన రేకైనను చదునుగా కానవచ్చును. బొంబాయిలో జన్మించి లండనులో స్థిరపడిన అనీశ్ కపూర్ మహాశయుని వంటి శిల్పి యిట్టి వింతద్రవ్యముపై మనసుపడుట సహజమే. అయితే 2016లో ఆయన దానిని కళయందు వాడుకొను హక్కును తనకొక్కనికే దఖలు పరచుకొని, లోకమందలి తక్కిన కళాకారుల కందరకును మామూలు చీకటిని ఉదారముగా విడిచిపెట్టెను. ఆ పూతను పెంచుటకు యంత్రములు కావలెను, ఎల్లరకు పంచుట సాధ్యము కాదని సంస్థ పక్షమువారు వాదింతురు. కడు న్యాయము! అందనంత యెత్తున కాసిన పండునకు కావలివాని నేల నియమించిరో మాత్రము తెలియరాదు.

ఈ మహాశయుడే 1979లో భారతదేశమునకు వచ్చిపోయి, ఇచటి అంగళ్లయందును గుడిముంగిళ్లయందును రాశులు పోసిన రంగుపొడులను మనసున నిలుపుకొని, 'వేయి పేర్లు' అను శిల్పమాలికను గావించెను; ఏ కుంకుమ వర్తకుడును ఆయనను హక్కుపత్రము చూపుమని నిలదీయలేదు. వాంటాబ్లాక్ పుట్టుకకు ఇరువదిరెండేండ్లు మునుపే, 1992లో, నేలలో గుంట తీయించి లోపల ముదురురంగు పూయించి 'లింబోలోనికి అవరోహణము' అను కృతిని నిర్మించెను. అది 2018లో పోర్చుగల్ దేశపు పోర్టో నగరమున ప్రదర్శితమైనప్పుడు సందర్శకు డొకడు రెండున్నర మీటర్ల లోతున బడి ఆస్పత్రి పాలయ్యెను. మామూలు రంగుతోనే మనుష్యులను పాతాళమునకు దింపగల ప్రజ్ఞాశాలికి గుత్త నలుపుతో పనియేమి?

స్టూవర్ట్ సెంపుల్ అను ఇంగ్లీషు చిత్రకారుడు మిక్కిలి గాఢమైన గులాబిపొడి నొకదానిని చేసి, తాము అనీశ్ కపూర్ కామని ఒప్పుకొన్నవారి కెల్ల అమ్మజూపెను. కపూర్ మహాశయుడు దాని నెట్లో సంపాదించి, అందు తన నడిమివ్రేలు ముంచి, ఆ వ్రేలి ఛాయాచిత్రమును లోకమునకు ప్రత్యుత్తరముగా ప్రకటించెను. ఇంతలో, 2019లో, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు 99.995 పాళ్లు కాంతిని మ్రింగు మరింత నల్లని పూతను వెలువరించి, కళాకారు లెవరైనను దానిని వాడుకొనవచ్చు ననిరి. పట్టా చేతనుండగనే పొలము పరుల పాలైనది!

కళాభిమానులకు మనవి: శిల్పమును జూపిన శిల్పిని మనసారా మెచ్చుడు, పట్టా జూపి మెప్పడుగువానిని రిజిస్ట్రారు కచేరికి పంపుడు.