గిటారూ, గ్యాస్ లైటరూ

షాపులో అడుగుపెట్టగానే కౌంటర్లో అబ్బాయి అడిగాడు, "బాబుకా, పాపకా అంకుల్?" అని.

"నాకే" అన్నాను.

అతను నా జుట్టు వైపు, అంటే ఒకప్పుడు జుట్టుండే చోటు వైపు చూసి, "ఓహో, రిటైరయ్యాక టైంపాసా?" అన్నాడు. నాకింకా పన్నెండేళ్ల సర్వీసుంది.

నా అవసరం చిన్నదే. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో ఓ అరగంట వాయించుకోవాలి. ఏడాదికి నాలుగైదుసార్లు అపార్ట్‌మెంట్ వినాయకుడి పందిట్లోనో, మేనల్లుడి సంగీత్‌లోనో నలుగురికీ వినబడాలి. పాత గిటారుకి ఈ రెండో పని చేతకాదు. ఎదురుగా మైకు పెడితే నా ఆయాసం, కుర్చీ కిర్రుమనడం, పక్కవాళ్ల కబుర్లు అన్నీ వినిపించేవి, గిటారు తప్ప. అందుకే వైరు తగిలించుకునే ఎలక్ట్రో అకూస్టిక్ మీద మనసు పడింది. బడ్జెట్ 12,000. మా ఆవిడకి చెప్పింది 8,000.

"కరెంటు గిటారా? షాక్ కొట్టదూ?" అంది. ప్రత్యక్షంగా చూపిద్దామని వంటింట్లోకి తీసుకెళ్లి గ్యాస్ లైటరు నొక్కాను. టిక్కుమని రవ్వ లేచింది. కొన్ని స్ఫటికాల్ని ఒత్తితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ అన్నదమ్ములు 1880లో కనిపెట్టారు. లైటరు పొట్టలో ఉన్నదీ ఆ మర్మమే, గిటారులో ఉన్నదీ అదే. తీగలు ఆనే తెల్లటి పట్టీ కింద పీజో అనే సన్నటి బద్ద దాగి ఉంటుంది. తీగ కదిలినప్పుడల్లా దానిమీద ఒత్తిడి మారుతుంది, ఆ మార్పే వైర్లోంచి స్పీకరుకి పోతుంది. ఉపన్యాసం శ్రద్ధగా విని, "అంటే లైటరుకి ఎనిమిది వేలా?" అంది.

యమహా పేరెత్తితే మరో చిక్కు. "బళ్ల కంపెనీ కదండీ?" అంది. నిజానికి ఆ ఇంట్లో సంగీతమే పెద్దబిడ్డ. 1887లో ఆర్గన్‌తో మొదలైన పేరది, మోటారు సైకిలు 1955లో గానీ పుట్టలేదు. వాళ్ల ముద్రలో ఉన్నవి ఇప్పటికీ మూడు శృతిదండాలే. ఇదంతా చెప్పాక, "మరి మైలేజీ ఎంత?" అని అడిగింది. వేళాకోళమో, నిజంగానే అడిగిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

షాపబ్బాయి చేతిలో ప్రతి గిటారూ గంధర్వగానమే. అదే నా చేతికొస్తే పప్పుగుత్తి. కాబట్టి అతను వాయిస్తుంటే విని కొనకూడదని మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది. ఒకదానికైతే తీగలు చెక్కకి ఎంత ఎత్తున ఉన్నాయంటే, కింద చీమల బారు తలవంచకుండా నడిచి వెళ్లొచ్చు. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ రెండున్నర మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటే వేళ్లు బతుకుతాయి. దీని మీద ఒక్క పాటకే నా వేళ్లు కాకరకాయల్లా అయ్యాయి. "రెండ్రోజుల్లో అలవాటైపోద్ది అంకుల్" అన్నాడు. చెప్పులు కరుస్తున్నాయంటే చెప్పే మాట కూడా ఇదే.

చివరికి రెండు మిగిలాయి. మొదటిదాని పైపలక అచ్చమైన స్ప్రూస్ చెక్క. మీటితే దాన్ని ఆనించుకున్న నా పొట్ట కూడా పులకరించింది. రెండోది పొరలు అతికించిన ప్లైవుడ్ పలక, గొంతు గుమాస్తాలా ఉంది. మొదటిదానికే డబ్బు తీయబోతూ, ఎందుకైనా మంచిదని వైరు తగిలించమన్నాను. అంతే, కూ... అని రైలు కూత. చెక్క ఎంత బాగా స్పందిస్తే స్పీకరు చప్పుడుకీ అంత బాగా స్పందిస్తుంది. ఆ కదలికని పీజో పట్టుకుని మళ్లీ స్పీకరుకే అందిస్తుంది. ఇంట్లో ముద్దొచ్చే గుణమే పందిట్లో పరువు తీస్తుందన్నమాట. దూరంగా నిలబడొచ్చు, గిటారు నోట్లో రబ్బరు మూత కుక్కొచ్చు. కానీ మా పందిట్లో స్పీకరుకీ నాకూ మధ్య దూరం ఒక లడ్డూ. గుమాస్తానే ఇంటికి తెచ్చుకున్నాను.

వినాయక చవితికి ముందు రాత్రి హాల్లో సాధన చేసి, పొద్దున్నే వెతుక్కోనక్కర్లేదని వైరు గిటారుకే ఉంచి పడుకున్నాను. వైరు గుచ్చడమే స్విచ్చు వేయడమని అప్పటికి నాకు తెలీదు. పీజో పంపే పీలగొంతుని బలపరచడానికి లోపలొక ప్రీయాంపు, దానికి 9 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. రాత్రంతా నేను నిద్రపోయాను, అది మాత్రం జాగారం చేసింది. కొన్ననాటి బ్యాటరీయేనేమో, తెల్లారేసరికి కొడిగట్టింది.

పందిట్లో తీగ మీటితే మౌనం. మైకుసెట్టు అబ్బాయి వచ్చి వెనక మూత తీసి చూసి, "చచ్చిపోయింది సార్" అని, అటూ ఇటూ చూసి, పంతులుగారి నడుముకున్న కాలర్ మైకు డబ్బాలోంచి అలాంటి బ్యాటరీనే ఊడదీశాడు. నా గుమాస్తా ఖంగుమన్నాడు. పంతులుగారు పెదాలు కదుపుతూనే ఉన్నారు, ఒక్క ముక్కా బయటికి రాలేదు. హారతి పళ్లెం పట్టుకున్నాక కళ్లతోనే నన్ను పిలిచి, "మంత్రం స్వామికి వినబడితే చాలు నాయనా, దక్షిణ సంగతే నలుగురికీ వినబడాలి. ఆ బ్యాటరీ ఇలా ఇచ్చెయ్" అన్నారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ కాఫీకని పొయ్యి దగ్గరికెళ్లింది. లైటరు నొక్కి, వెలిగిన మంట వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసింది.

"ఏమండీ, పెళ్లైన ఏడాది కొన్నాం దీన్ని. బ్యాటరీ ఎప్పుడు మార్చాం?"