శల్యపరీక్షాధికారి

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా సర్టిఫికెట్ చేతికొచ్చిన స్కూబా సిలిండర్ ఇన్‌స్పెక్టరు పండగ కూడా ఎరగడు. ఫ్లోరిడా తీరంలో ఏ డైవింగ్ క్లబ్బుకు వెళ్లినా ఇలాంటి ఆసామి ఒకడు తగులుతాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పరాయివాళ్ల లెక్కల్లో తప్పులు పట్టి, రిటైరయ్యాక పట్టడానికేమీ దొరక్క చిక్కిపోయి, ఓ శని ఆదివారాలు కోర్సుకు వెళ్లొచ్చి మళ్లీ ఒళ్లు చేసినవాడు.

ముందు మన నోరు దిద్దుతాడు. ‘ఆక్సిజన్ ట్యాంకు’ అన్నామా, అయిపోయామే. "అందులో ఉన్నది మామూలు గాలండీ. ఆక్సిజన్ 21 శాతమే." పోనీ, ‘అల్యూమినియం ఎనభై’ అందామా, దానికీ సవరణ సిద్ధం. "ఎనభై పేరు వరకే. పట్టేది 77.4 ఘనపుటడుగులు."

ఇక శల్యపరీక్ష. గాలంతా నెమ్మదిగా వదిలేసి, వాల్వు విప్పి, మెడలోంచి సన్నటి లైటు దించుతాడు. పళ్ల డాక్టర్లు వాడే బుల్లి అద్దంతో మరచుట్లు ఒక్కొక్కటీ చూస్తాడు. ముక్కు పెట్టి వాసన కూడా చూస్తాడు. నూనె కంపు కొడితే గాలి నింపిన కంప్రెసరుకు తిట్ల దండకమే. అడుగునున్న ప్లాస్టిక్ తొడుగు లాగేస్తాడు, ఉప్పునీరు దానికింద చేరి లోహాన్ని తినేస్తుంది గనక. అక్కడితో ఆగితే బాగుండు. స్టిక్కర్లూ పీకుతాడు! బొనైర్, కొజుమెల్... మునిగొచ్చిన ప్రతి ఊరి గుర్తూ గోటికింద చిరిగిపోతుంటే యజమాని గుండె చెరువవుతుంది.

"వీటికింద ఏముందని?"

"గుంటలు పడ్డాయేమో చూడాలిగా."

"పడ్డాయా?"

"లేవు. ఇప్పుడు తెలిసింది కదా!"

కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నాడని జనం సణుగుతారు. నిజమే. కాకపోతే ఈ గుడ్డులో చదరపు అంగుళానికి 3,000 పౌండ్ల ఒత్తిడి ఉంది. అందుకే అమెరికాలో అయిదేళ్లకోసారి నీళ్లతో 5,000 దాకా ఎక్కించి పరీక్షించాలన్నది ప్రభుత్వ నిబంధన. ఏటేటా విప్పి కంటితో చూడడం మాత్రం ఆ రంగంవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. ఆ ఏటి స్టిక్కరు లేనిదే కొట్టువాళ్లు గాలి నింపరు. కాబట్టి వెనక తిట్టుకునేవాళ్లంతా ఎదుట వరసలో నిలబడతారు. ఆ వరస చూసినప్పుడల్లా ఈయనకు వయసు పదేళ్లు తగ్గుతుంది.

ఓసారి పొరుగాయన గరాజ్ సేల్‌లో చవగ్గా కొన్న పాత సిలిండరు మోసుకొచ్చాడు. దాని భుజాన చెక్కిన తేదీ చదవగానే మనవాడి ముఖం చేటంతయింది. 1980ల నాటిది, 6351 రకం అల్యూమినియం. ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉండి మెడ దగ్గర బీటలివ్వడం ఆ రకానికి తెలిసిన జబ్బే. అద్దం పెట్టి చూస్తే మరచుట్లను అడ్డంగా కోసుకుంటూ వెంట్రుకవాసి గీత కనబడనే కనబడింది.

"ఇన్నేళ్లలో పేలలేదుగా!" అన్నాడు పొరుగాయన.

"పేలుంటే మీరు మోసుకొచ్చేవారు కాదు."

ఏం చేస్తాడు పాపం! అక్కడివాళ్లు చేసే పద్ధతిలోనే అడుగు కోయించి, గంటగా మార్చి, వాకిట్లో వేలాడదీసుకున్నాడు. మనవాడు పనిగట్టుకుని వెళ్లి మోగించాడు, నాదం బ్రహ్మాండంగా ఉందన్నాడు. పొరుగాయన పొంగిపోయేలోపే జేబులోంచి టార్చి తీసి పైకి కొట్టాడు.

"ఈ కొక్కెం ఎంత బరువు ఆపుతుందో ఎక్కడైనా రాసుందా?"