పారిపోనందుకు పతకం

యుద్ధంలో ఫిరంగికి ఎదురెళ్లినవాడి పతకమైతే ఎవరైనా దాచుకుంటారు. నేను ఏరుకునేవి మాత్రం కొలువు మానకుండా ఉన్నందుకు జర్మన్ సైనికులకిచ్చినవి. శౌర్యం అక్కర్లేదు, గాయం అక్కర్లేదు. రోజూ బూట్లు తుడుచుకుని వరసలో నిలబడి పైవాడి తిట్లు తింటే చాలు.

ప్రష్యాలో ఈ ఏర్పాటు 1825లో మూడో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రాజు చేశాడు. ఆఫీసర్లకు 25 ఏళ్లకు శిలువ. మామూలు సైనికులకు 9, 15, 21 ఏళ్లకు మూడు తరగతులు. సైనికులది గుండ్రటి బిళ్ల కాదు, నీలం రిబ్బను మీద అడ్డంగా బిగించిన చిన్న పట్టీ. మధ్యలో రాజుగారి పొడి అక్షరాలు. ఆయన 1840లో పోయాడు. అక్షరాలు మాత్రం పోలేదు. 1913లో కైజరు పట్టీలు తీసేసి పతకాలు పెట్టేదాకా సైనికుల గుండెల మీద ఆయనే! చచ్చాక కూడా 73 ఏళ్లు డ్యూటీ చేసినవాడికి 21 ఏళ్ల సిపాయి ఓ లెక్కా?

లాండ్‌వేర్ అనే రిజర్వు దళానికి 1842లో పెట్టింది మరీ పొదుపు. ఇనప చట్రంలో నీలం రిబ్బను ముక్క, దాని మీద పసుపు దారంతో నేసిన నాలుగో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ పొడి అక్షరాలు, అంతే. నా దగ్గరున్నదాంట్లో మొదటి అక్షరాన్ని చిమ్మెట తినేసింది. మన లెక్కన రాజుగారి ఇంటిపేరు పోయింది.

9 ఏళ్ల పట్టీ నల్లటి ఇనుము. అందుకని బెర్లిన్‌లో పాత సామాన్ల సంతకెళితే జేబులో అయస్కాంతం ఉండాల్సిందే. అంటుకుందని మురిసిపోతుంటే మా ఆవిడ, "పట్టుచీరల కొట్లో నేను పోగు కాల్చి చూపించమంటే నామోషీ అన్నారే!" అంది. అంటుకున్నంత మాత్రాన అసలుదని కాదు, నకిలీవాడికీ ఇనుము దొరుకుతుంది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

బ్రిటిష్‌వాళ్లు ఇలాంటి పతకం అంచున మనిషి పేరు చెక్కేవారు. వీళ్లు చెక్కలేదు. అన్నేళ్లు తిట్లు తిన్న మహానుభావుడెవరో తెలీదు. పాపం, ఆయనా దీన్ని చూసి ఆగి ఉండడు. 12 ఏళ్లు చేసిన చిన్న హోదావాళ్లకు రైల్వేలోనో పోస్టాఫీసులోనో సర్కారీ కొలువుకి హక్కు కాగితం దొరికేది. అసలు సరుకు అదీ!

1936లో హిట్లర్ సైన్యం 4 ఏళ్లకే పతకాలు పంచింది. వాటి జోలికి పోను. ఆ కొలువు ఎలాంటిదో తెలిసి ఇంట్లో పెట్టుకోలేను. పైగా గద్ద కాళ్ల కింది స్వస్తిక చూసి మా అత్తయ్య పసుపు రాసినా రాస్తుంది.

మన సైన్యంలోనూ 9, 20, 30 ఏళ్లకు ఇస్తారు. హవల్దారుగా రిటైరైన మా బావకి ఫోన్లో నా పట్టీ సంగతి, ధరతో సహా చెప్పాను.

"డబ్బిచ్చి కొన్నావా! నా తొమ్మిదేళ్లది ట్రంకుపెట్టెలో ఎక్కడో ఉంది. వెతికే ఓపికుంటే రా, సగం ధరకే ఇచ్చేస్తా."