మోకాలి చిప్ప వెనక సూర్యుడు

2019 డిసెంబరు 26న హైదరాబాద్‌లో గ్రహణం పట్టింది ఉదయం ఎనిమిది దాటాక, విడిచింది పదకొండు దాటాక. కేరళ, తమిళనాడుల్లో కొన్నిచోట్ల సూర్యుడు నిప్పు కంకణమయ్యాడు. మనకు దక్కింది పాక్షికమే. అదైనా అందరూ కలిసి చూడాలని ఓ అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు ముందురోజు వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టారు: "టెర్రస్ మీద గ్రహణ వీక్షణం. ఇడ్లీ సాంబారు కలదు."

గ్రహణం గురించి ఎవరూ ఏమీ అడగలేదు. యుద్ధమంతా ఇడ్లీ మీదే.

"తిరుమలలో స్వామివారి గుడే మూసేస్తుంటే, మీ ఇడ్లీలకేం తొందర?" అన్నారు నాలుగో అంతస్తు పిన్నిగారు. "శ్రీకాళహస్తిలో గుడి తెరిచే ఉంచుతారు కదమ్మా" అన్నారు రిటైరైన ఫిజిక్స్ మాస్టారు. చివరికి ఎనిమిదిలోపు తినేసి, గిన్నెలు తోమేసుకోవాలని రాజీ కుదిరింది.

తెల్లారేసరికి పిన్నిగారింట్లో ఆవకాయ జాడీ మీద దర్భ, పెరుగు గిన్నె మీద దర్భ, ఫ్రిజ్ తలుపుకీ దర్భ. కళ్ళకు మాత్రం ఏ రక్షణా లేదు. పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి అందులో సూర్యుణ్ణి చూద్దామనుకున్నారు. నీళ్ళలో నీడైనా ఎండ ఎండేనని మాస్టారు పళ్ళెం లాగేసుకున్నారు.

రెండో అంతస్తు అల్లుడుగారు మామగారి ఎక్స్‌రే ఫిల్ము తెచ్చారు. మోకాలి చిప్ప వెనక సూర్యుడు చల్లగా, నల్లగా కనిపిస్తున్నాడని అందర్నీ పిలిచారు. ఆ చల్లదనమే మోసం. వెలుగు తగ్గినా, కంటికి కనిపించని పరారుణ కిరణాలు దర్జాగా లోపలికి వచ్చేస్తాయి. కంటి రెటీనాకు నొప్పి తెలిసే నరాలు లేవు కాబట్టి కాలుతున్నా తెలియదు. మసి పట్టించిన అద్దం, చలువ కళ్ళద్దాలు, ఫొటో ఫిల్ము ముక్కలు, అన్నిటిదీ అదే కథ. వెల్డింగ్ అద్దమైతే 14వ నంబరు ఉండాలి.

ఐఎస్ఓ 12312-2 ప్రమాణమున్న గ్రహణం కళ్ళజోళ్ళు రెండే దొరికాయి, జనం నలభైమంది. నిజమైన కళ్ళజోడుకు గుర్తు ఏమిటంటే, పెట్టుకుంటే సూర్యుడు తప్ప లోకంలో ఇంకేమీ కనిపించదు. సెక్రటరీగారు అది పెట్టుకునే క్యూ సరిచేయబోయి ప్లాస్టిక్ కుర్చీని "కాస్త జరగండి సార్" అని బతిమాలారు. ఇంతలో ఓ కుర్రాడు ఆ జోడు మీదే బైనాక్యులర్ పెట్టుకోబోయాడు. కటకాలు ఎండను ఒకచోటికి పోగేస్తే ఫిల్టరుతోపాటు కన్నూ కాలుతుందని మాస్టారు అరిచిన అరుపుకు పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళూ పైకొచ్చారు.

క్యూ కదలకపోవడంతో మాస్టారు వంటింటి వైపు తిరిగారు. "పిన్నిగారూ, బూందీ గరిట ఇస్తారా?"

సూర్యుడికి వీపు పెట్టి గరిటను ఎండకు పట్టుకున్నారు. మెట్ల గది గోడ మీద ముందు మామూలు గుండ్రటి చుక్కలే పడ్డాయి. గోడకు రెండు మీటర్ల దూరం జరిగేసరికి చుక్కలన్నీ ఒకేసారి ఒకవైపు కోసుకుపోయాయి. గోడ నిండా జీడిపప్పు పలుకులే! ప్రతి చిల్లూ ఒక్కో సూర్యుణ్ణి తలకిందులుగా గీస్తోంది. ఆ దూరంలో ఒక్కో బొమ్మ రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. తొమ్మిదిన్నర ప్రాంతంలో పలుకులు సన్నబడ్డాయి. కింద వేపచెట్టు నీడలోనూ అవే. ఆకుల సందులూ చిల్లులేగా! క్యూలో ఉన్నవాళ్ళంతా గోడ దగ్గరికి చేరారు. కళ్ళజోళ్ళు కుర్చీలో అనాథల్లా పడున్నాయి.

"1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం. జాపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళ వేధశాలలో శాస్త్రవేత్తలు ఆకాశం చూస్తుంటే, మా నాన్న మమ్మల్ని గదిలో పెట్టి గడియ వేశాడు" అన్నారు పిన్నిగారు, గోడ మీంచి చూపు తిప్పకుండా.

ఈలోగా కింద వాచ్‌మన్ పళ్ళెంలో రోకలి నిలబెట్టాడు. గ్రహణ మహిమేనని టీవీలో చూపిస్తున్నారట. అడుగున ఇనుప పొన్ను చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. మర్నాడూ నిలబడింది. టీవీవాళ్ళే రాలేదు.

పదకొండుంబావుకి అందరూ ఒక్కసారిగా విడుపు స్నానాలకు దిగారు. పది నిమిషాల్లో ట్యాంకు ఖాళీ, సంపూ ఖాళీ. సెక్రటరీగారు నీళ్ళ ట్యాంకరుకు ఫోన్ చేస్తుంటే మధ్యలో మూడో అంతస్తు నుంచి మరో కాల్ వచ్చింది. ఒంటి నిండా సబ్బుతో నిలబడ్డ పెద్దమనిషి అడుగుతున్నారు: "సూర్యుడికి అయిపోయింది సరే, నాకెప్పుడండీ విడుపు?"