కాలవలో వదిలేసిన సక్కర్ చేప ఆత్మకథ

ఈ కథ చెబుతున్న చేపను అక్వేరియం షాపుల్లో సక్కర్ అంటారు. చెరువుల్లో వలలు లాగేవాళ్లు దెయ్యం చేప అంటారు. వంశం దక్షిణ అమెరికాది. ఈ చేప మాత్రం ఆ నదుల నీళ్లు ఎరగదు. పుట్టింది రంగు చేపల పెంపకానికి పేరున్న చెన్నై కొళత్తూరులో. పాలిథిన్ సంచిలో ఆంధ్రాకు చేరేనాటికి చూపుడు వేలంత కూడా లేదు.

“అద్దాలకు పట్టే పాకుడంతా ఇదే తినేస్తుంది, తొట్టి కడగక్కర్లేదు” అన్నాడు షాపాయన. అందులో సగమే నిజం. తిన్న చేప విసర్జిస్తుంది కూడా. ఒళ్లు పెరిగేకొద్దీ నీళ్లు తరచుగా మార్చాలి, మోటారు రాత్రింబవళ్లు తిరగాలి. అసలు సంగతి ఆయన చెప్పనేలేదు: ఈ జాతి అడుగున్నర దాకా పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది.

తొట్టి చాలక, చంపడానికి చేతులు రాక, ఇంటివాళ్లు దీన్ని బకెట్లో తీసుకెళ్లి కాలవలో వదిలారు. వాళ్లది నిజమైన జాలే. కానీ ఆ కాలవ నీళ్లే కైకలూరు వైపు చేపల చెరువులకు పెడతారు.

అక్కడ రైతు బొచ్చెలకూ శీలావతులకూ మేత వేస్తాడు. ఈ చేప అడుగున చేరి ఆ మేతా, నాచూ, వేరే చేపల గుడ్లూ తింటుంది. ఒంటిమీద పొలుసులకు బదులు ఎముక పలకలు ఉండటంతో పెద్దయ్యాక కొంగలకూ కొర్రమీనులకూ లొంగదు. రెక్కల ముళ్లు వలను చింపేస్తాయి. గట్టు మీద పారేసినా గాలి పీలుస్తూ గంటల తరబడి బతికే ఉంటుంది. మగ చేపలు గట్టును తొలిచి, బొరియల్లో గుడ్లకు కాపలా కాస్తాయి. అలా తొలిచిన గట్టు కోసుకుపోతుంది. ఇంత నష్టపెట్టిన చేపను సంతలో కొనేవాళ్లుండరు.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లో డీఎన్ఏ ఆనవాళ్లు వెతికి, తూర్పు కనుమల జలాశయాల్లోకి ఈ జాతి పాకిందని తేల్చారు. మెక్సికోలోని ఇన్ఫియెర్నిల్లో జలాశయంలో తిలాపియా వేటను దెబ్బతీసిందీ ఇదే. బంగ్లాదేశ్ 2023లో దీన్ని నిషేధించింది.

కాలవ గట్టుకు బదులు ఆ బకెట్ షాపుకే తిరిగి వెళ్లి ఉంటే, ఆ చెరువులో ఈ చేప ఉండేది కాదు. అందుకే ఇది అడుగుతున్నది రెండే: ఎంత పెరుగుతుందో అమ్మే తొట్టి మీదే రాసిపెట్టాలి, పెంచలేనివాళ్లు తెచ్చిస్తే షాపువాళ్లు వెనక్కి తీసుకోవాలి.