తిప్పితేనే కదిలే లిఫ్టును

నాకు బటన్లు లేవు. ముందే చెప్పేస్తే మంచిది, నా ముందు నిలబడే పిల్లలు వెతికేది వాటినే. నేను చెక్క లిఫ్టును. హైదరాబాదు పాతబస్తీలో, పురానీ హవేలీలో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాల దగ్గర ఉంటాను. బీరువా అంటే మీ ఇంట్లో ఉండేలాంటిది అనుకునేరు! భవనంలో ఒక పక్క మొత్తం, ఆ కొస నుంచి ఈ కొస దాకా, రెండు అంతస్తులుగా కట్టిన చెక్క అరలు. పై అరలకు చేరాలంటే నేనే దిక్కు. కరెంటుతో నాకు పని లేదు. మనిషి చెయ్యి పడి తిప్పితేనే కదులుతాను.

తిప్పేవాడు ఎవరో ఆ తిప్పడంలోనే తెలిసిపోయేది. కొత్తవాడైతే కుదుపే కుదుపు, పై నుంచి 'ఆహిస్తా, ఆహిస్తా' అని కేకలు. చెయ్యి తిరిగినవాడైతే కదిలినట్టే ఉండేది కాదు. వాళ్ల పేర్లేమిటో అడక్కండి. పేర్లు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ.

మహబూబ్ అలీఖాన్ వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదట, నిజమేనా అని గుసగుసలాడుకుంటారు. వేసిందో, వెయ్యనిదో, మోసేదానికేం తెలుస్తుంది? కొందరు జాకబ్ వజ్రం ఏ అరలో దొరికిందని చూస్తారు. 184.75 క్యారట్ల ఆ రాయి ఆయన జోడులో కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దొరికిందనీ, ఆ కొడుకు దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడనీ చెబుతారు. ఆ కథ చౌమహల్లా ప్యాలెస్‌ది, నాకు అంటగట్టొద్దు.

మూడో నిజాం సికందర్ జా ఖిల్వత్ మహల్‌కు మారిపోయాకే మా హవేలీ 'పురానీ', అంటే పాతది, అయింది. 2000లో మ్యూజియం అయింది. అప్పట్నుంచి జనమంతా పోయేది ఏడో నిజాం రజతోత్సవ కానుకల వైపే: వెండి భవన నమూనాలు, బంగారు పని చేసిన సింహాసనం, వజ్రాలు పొదిగిన టిఫిన్ డబ్బా.

మొన్నొకావిడ ఆ డబ్బా చూసి, మాట ఆపకుండానే ఇటొచ్చింది.

"అందులో పప్పన్నం పెడితే కడిగేదెవరే? ఒక్క రాయి ఊడితే కడిగినదాని జీతం ఎన్నేళ్లు కోస్తారో!"

కూతురు నవ్వుతూ "పద అమ్మా" అంది. ఆవిడ కదల్లేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "దీన్నెవరు తిప్పేవాళ్లో" అంది.