మదీనా చౌరస్తాలో ఇంటర్‌కూలర్

పాతబస్తీ కుర్రాళ్ల మీసం ఇప్పుడు ముఖం మీద కాదు, కారు బంపరులో మొలుస్తోంది. జాలీ వెనక తళతళలాడే అల్యూమినియం ఇంటర్‌కూలర్ కనబడితే చాలు, షాలిబండ నుంచి పత్తర్‌గట్టీ దాకా సలాములే. బండి సెకండ్‌హ్యాండ్ టర్బో, వాయిదాలింకా తీరలేదు. మాట మాత్రం, "మామూ, కూలింగ్ మొత్తం సెట్ చేయించినా!"

ఏం సెట్ చేయించాడయ్యా అంటే, దాచుకున్న డబ్బులో ముప్పాతిక ఇంటర్‌కూలర్ మింగింది. మిగిలిన దాంతో ఎర్ర సిలికాన్ గొట్టాలు, బానెట్ మీద చీమకు కూడా దారి ఇవ్వని ఉత్తుత్తి గాలిమూతి, ఒక టర్బో టైమర్. మదీనా నుంచి చార్మినార్ దాకా పాకుతూ వచ్చిన బండిలో టర్బో తిరిగిందే లేదు, దానికి విశ్రాంతి ఇవ్వడానికో టైమరు! కూలెంట్ ట్యాంకు మూత మాత్రం కారుతో పుట్టిందే. ట్యాంకులో ఉన్నది ఇంటి బోరునీళ్లు.

ఇంటర్‌కూలర్ దండగని నేననను. టర్బో గాలిని అదిమి కుక్కుతుంది, అదిమిన గాలి వేడెక్కుతుంది, ఆ వేడిగాలికి ఇంజన్ నాకింగ్‌కు దిగుతుంది. అది ముదరకుండా కంప్యూటర్ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, పవర్ పడిపోతుంది. ఆ గాలిని ఇంజన్‌లోకి పోకముందే చల్లార్చేది ఇంటర్‌కూలర్. ట్యూన్ మార్చి బూస్ట్ పెంచినవాడికి, ట్రాకు మీద తొక్కేవాడికి పెద్దది కావాల్సిందే. కానీ దాని తిండి గాలి. రంజాన్ సాయంత్రం మదీనా చౌరస్తాలో ముందున్న ఆటో పొగ తప్ప గాలెక్కడిది? అవుటర్ రింగ్ రోడ్డు ఉందిగా అంటారు. ఉంది, 158 కిలోమీటర్లు. అక్కడ గరిష్ఠ వేగం 120. ఆ వేగానికి కంపెనీ బిగించిందే సరిపోతుంది. చాలదన్నవాడికి కావాల్సింది ఇంటర్‌కూలర్ కాదు, చలానా కట్టే స్తోమత.

అసలు తమాషా బంపరు లోపల ఉంది. ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ ఒకదాని వెనక ఒకటి నిలబడి అదే గాలిని పంచుకోవాలి. ముందు లావుపాటి దిమ్మెను నిలబెడితే రేడియేటర్‌కు చేరే గాలి తగ్గుతుంది, చేరిందీ వేడెక్కి చేరుతుంది. మే నెల ఎండ, ఏసీ ఫుల్లు, కారు నత్తనడక. చల్లదనం కోసం పెట్టిన ఖర్చు ఇంజన్‌ను ఉడకబెట్టడానికి ఉపయోగపడుతోంది. అప్పుడొక ఉస్తాద్ వచ్చి "థర్మోస్టాట్ తీసెయ్ భాయ్, ఠండా అయితది" అంటాడు. తీసేస్తే పొద్దున ఇంజన్ వేడెక్కక పెట్రోలు తాగుతుంది. రేడియేటర్ శక్తి మాత్రం వీసమెత్తు పెరగదు.

పైకి చాటుకునేదాని మీద మోజు, లోపలిదాని మీద మరుపు, ఇదేమీ మనవాళ్లతో మొదలైన జబ్బు కాదు. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. ఇంజన్ నాకింగ్‌కు దిగకుండా నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని లోపలికి చిమ్మేవారు. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని ఆర్భాటమైన పేరు. కొన్నవాళ్లు టర్బో గురించి ఊరంతా చాటారు, ద్రవం నింపడం మరిచారు. చివరికి చాలా కార్లకు టర్బోనే పీకేయాల్సి వచ్చింది.

చేతిలో నాలుగు డబ్బులే ఉన్నవాడు ముందు వేడి ఎంతో తెలుసుకోవాలి. చాలా కొత్త కార్లలో టెంపరేచర్ ముల్లు డ్రైవరు కంగారుపడకుండా మధ్యలోనే బుద్ధిగా నిలబడేలా సర్ది ఉంటుంది. అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్లో చిన్న స్కానర్ గుచ్చితే అసలు అంకె ఫోన్లో కనిపిస్తుంది. తర్వాత మూత. కొన్ని వందల రూపాయల వస్తువు. అది ఒత్తిడి పట్టి ఉంచినంతసేపు సరిగా కలిపిన కూలెంట్ 120 డిగ్రీలకూ మరగదు. రబ్బరు వాషరు సడలిందా, అంతకన్నా ముందే పొంగుతుంది. బోరునీళ్లు సన్నని గొట్టాల్లో పాచికట్టినట్టు సున్నం కడతాయి, కాబట్టి పాతది దించి, కడిగి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోయాలి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్మును వెనక నుంచి నీళ్లతో కొట్టిస్తే ఖర్చు దాదాపు లేదు. ఫ్యాన్ రెండు స్పీడుల్లోనూ తిరుగుతోందో లేదో చూడాలి, ఎందుకంటే ఫలక్‌నుమాలో బారాత్ వెనక అంగుళం అంగుళం జరిగే కారుకు గాలి ఇచ్చేది అదొక్కటే. ఇన్ని చేసినా డబ్బు మిగిలితే, బూస్ట్ కూడా పెంచి ఉంటే, అప్పుడు ఇంటర్‌కూలర్ కొనుక్కోండి, నేను అడ్డం రాను.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. పాతబస్తీలో ఇంత ఎండల్లోనూ పొంగని కారు అదొక్కటే, కదలదు కనుక.

మన హీరో వచ్చే నెల కార్బన్ ఫైబర్ బానెట్ తెప్పిస్తున్నాడట. మూత సంగతి అడిగితే, "అది లోపట ఉంటది కద మామూ, ఎవరు చూస్తరు?" అన్నాడు.